ముప్పై వేల గాలి

కుర్చీలో మా అక్క కూతురు. ఎదురుగా నిలువెత్తు అద్దం, చుట్టూ తెల్లటి దీపాలు. మాల్ రెండో అంతస్తులోని ఈ షోరూములో వణుకు పుట్టేంత ఏసీ. బయట శ్రావణ మాసపు ముసురు పొద్దుటి నుంచీ వదలడం లేదు గానీ ఈ గాజు తలుపుల లోపలికి దాని వాసన కూడా రాదు. నల్ల యూనిఫామ్ వేసుకున్న సేల్స్ అమ్మాయి పిల్ల జడ విప్పింది. నడుం దాటిన జుట్టు కుర్చీ వెనక పరుచుకుంది. అందులోంచి వేలెడు పాయ విడదీసి, స్ప్రే సీసాతో తడిపి, డ్రయ్యర్ చేతిలోకి తీసుకుంది.

మీరూ కాస్త దగ్గరికి రండి. దాని తల భాగం డొల్లగా ఉంది. ఇటు నుంచి చూస్తే అటు పక్క మనిషి కనిపిస్తాడు. మోటారు ఏదీ అని వెతికితే పిడిలో ఉందని చెప్పింది ఆ అమ్మాయి. స్విచ్ నొక్కింది. పాత డ్రయ్యర్ల గోలకి అలవాటు పడ్డ ప్రాణం కదా, చెవులు ముందే బిగుసుకుంటాయి. తీరా వచ్చింది జోరుగాలి చప్పుడు, అంతే. మాట్లాడుకుంటే ఒకరి మాట ఒకరికి వినిపిస్తోంది. పాయ పైకి లేచి రెపరెపలాడుతూ చూస్తుండగానే తడి నిగారింపు పోగొట్టుకుంటోంది. అరచెయ్యి అడ్డం పెట్టి చూడండి. వెచ్చగా ఉంది, చురుక్కుమనడం లేదు. అర నిమిషం కూడా పట్టలేదు. పాయ పట్టుకుచ్చులా ఆమె వేళ్ల మీంచి జారింది.

"పిన్నీ!" అంది పిల్ల, అద్దంలోంచి నన్ను చూస్తూ. ఆ ఒక్క పిలుపులోనే అడగాల్సిందంతా అడిగేసింది.

ధర ఎంతన్నాను. ముప్పై వేల పైచిలుకు. "ఏడాది ఈఎమ్ఐ పెట్టుకుంటే నెలకి మూడు వేల లోపే పడుతుంది మేడమ్" అంది సేల్స్ అమ్మాయి.

దీని వెనక జరిగిన పనిని నేను తీసిపారెయ్యను. డైసన్ కంపెనీ ఈ సూపర్‌సోనిక్ డ్రయ్యర్‌ని 2016 ఏప్రిల్‌లో టోక్యోలో విడుదల చేసింది. అమెరికాలో అప్పటి ధర 399 డాలర్లు. నాలుగేళ్లు పట్టిందనీ, 600 నమూనాలు తయారు చేసి చూశామనీ, పరీక్షలకి వాడిన మనుషుల వెంట్రుకలు వరసగా పేరిస్తే 1,600 కిలోమీటర్లు దాటుతుందనీ కంపెనీ చెప్పుకుంది. మోటారు నిమిషానికి 1,10,000 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకి 1,833. గాలిని తోసే చక్రానికి 13 రెక్కలు. రెండూ గుణిస్తే సెకనుకి దాదాపు 23,800. మనిషి చెవి వినగలిగేది 20,000 దాకానే. రెక్కలు గాలిని కోసేటప్పుడు పుట్టే కీచుమోత మన చెవికి అందని ఎత్తుకి వెళ్లిపోయింది. ఇందాక మీకు వినిపించనిది అదే. మోటారు చిన్నది కాబట్టే పిడిలో ఇమిడింది, బరువు గుప్పెట్లోనే ఉండిపోయింది. గాలి వేడిని ఎప్పటికప్పుడు కొలిచి హద్దు దాటనివ్వని ఏర్పాటు కూడా లోపల ఉంది. తల వెంట్రుకల మీద ఇంత శ్రద్ధ పెట్టి ఆలోచించిన వాళ్లంటే నాకు గౌరవమే.

అయినా నా కళ్లు ఆ పాయ మీదే ఉన్నాయి. వేలెడు పాయ, తుంపర తడి, ఏసీ గదిలోని పొడి గాలి. మా ఇంట్లో పిల్ల తలంటు పోసుకుని వచ్చినప్పుడు ఆ జుట్టు పిండితే చెంబెడు నీళ్లు కారతాయి.

"జుట్టంతా తడిపి ఆరబెట్టి చూపిస్తారా అమ్మా?"

"ఫుల్ హెయిర్ వాష్ చెయ్యడానికి ఇక్కడ వీలుండదు మేడమ్" అని ఉన్నమాట చెప్పింది. ఆలోచించుకుని వస్తామన్నాం. పిల్ల మొహం చిన్నబోయింది గానీ ఏమీ అనలేదు. తన జీతం, తన తల. ఆ డబ్బు ఎక్కడికీ పోదు, ముందు మన ఇంట్లో మన నీళ్లతో తేల్చుకుందాం అని మాత్రం చెప్పి బయటికి తీసుకొచ్చాను.

ఇప్పుడు శుక్రవారం తెల్లవారుజామున హైదరాబాద్ నల్లకుంటలో మా ఇంటికి రండి. వంటింట్లో ఫిల్టర్ కాఫీ వాసన, దాని వెనకే కుంకుడు రసం వాసన. శ్రావణ శుక్రవారం తలంటు తప్పించడం మా ఇళ్లల్లో కుదరదు. ఏడున్నరకి క్యాబ్ వచ్చి వీధి మొదట్లో నిలబడుతుంది. పిల్ల కష్టమంతా ఈ గంటలోనే ఉంది. ముందు రోజు రాత్రి పోసుకుంటే సగం తడి మీద పడుకోవాలి. పొద్దున్నే పోసుకుంటే సగం తడి మీద ముడేసుకుని ఆఫీసుకి పోవాలి. ఆ ముడి మధ్యాహ్నం భోజనాల వేళకి కూడా లోపల చెమ్మగానే ఉంటుంది. మాడు దురద, జుట్టుకి మురుగు వాసన, తలనొప్పి. పిల్ల ముప్పై వేలు ఖర్చు పెడతానంటోంది దీనికి. సోకు కోసం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

స్నానాల గదిలోంచి తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చుంది. పైన ఫ్యాన్ ఐదు మీద తిరుగుతోంది. మీరు ఎంతసేపు నిలబడి చూసినా ఆ జుట్టు అలాగే ఉంటుంది. కారణం కిటికీ అవతల ఉంది. ముసురు రోజున 30 డిగ్రీల వేడిలో గాలిలో తేమ 85 శాతం ఉందనుకోండి. ఆ గాలి పట్టగలిగిన నీళ్లన్నీ దాదాపు పట్టేసుకుని కూర్చుంది; మన జుట్టులోంచి ఇంకెంత తీసుకుంటుంది? అదే గాలిని 60 డిగ్రీలకి వేడి చేస్తే, లోపలున్న నీళ్లు అంతే ఉన్నా, దాని తేమ శాతం 18కి పడిపోతుంది. అంటే మళ్లీ దాహం పుట్టించినట్టే. డ్రయ్యర్ చేసే పని మొత్తం ఇదే: గాలికి దాహం పుట్టించడం, ఆ గాలిని జుట్టులోంచి వేగంగా పంపడం.

మా అమ్మమ్మకి ఈ శాతాలు తెలియవు. నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, పైన వెదురు బుట్ట బోర్లించి, ఆ బుట్ట మీద మా జుట్లు పరిచి చిక్కు తీసేది. ముసురు గాలిని కాస్త వేడి చేసి కుదుళ్ల దాకా పంపే పని ఆ బుట్ట చేసేది. పురిటి ఇంట్లో బాలింతకీ పసిబిడ్డకీ సాంబ్రాణి పొగ వేసే అలవాటు ఇప్పటికీ చాలా ఊళ్లల్లో ఉంది. పొగ ఊపిరికి మంచిది కాదు, ఆ పద్ధతికి మళ్లీ వెళ్దామని నేను అనను. కానీ అర్థం చేసుకోవాల్సిన సూత్రం ఆ బుట్ట కిందే ఉంది.

ఇక్కడ వంటింటి త్రాసు తెచ్చి బల్ల మీద పెట్టాను. పిండి తూచుకునే చిన్న డిజిటల్ త్రాసు. పొడిగా ఉన్నప్పుడు తువ్వాలుని తూచి రాసిపెట్టుకున్నాం. పది నిమిషాలు తలకి గట్టిగా చుట్టి ఉంచి విప్పి మళ్లీ పెడితే 160 గ్రాములు పెరిగింది. పిల్ల కళ్లు పెద్దవి చేసి "అన్ని నీళ్లా పిన్నీ!" అంది. ఇంకో పొడి తువ్వాలు తీసుకుని, రుద్దకుండా, పాయలు పాయలుగా నొక్కి తుడిచాం. అదీ మరో 40 గ్రాములు లాగింది. రుద్దకూడదని ఎందుకంటున్నానంటే, తడిసిన వెంట్రుక ఉబ్బి మెత్తబడుతుంది, పైనున్న పొలుసులు లేచి ఉంటాయి. ఆ స్థితిలో గరగరా రుద్దితే పొలుసులు చిరిగిపోతాయి. జుట్టు పీచులా లేవడానికి ఆ రుద్దుడూ ఒక కారణం.

త్రాసు పక్కనే కాగితం పెట్టి ఇంకో లెక్క వేద్దాం. ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 2,400 జౌళ్ల వేడి కావాలి. జుట్టులో ఇంకా 100 గ్రాముల నీరు మిగిలిందనుకుంటే 2,40,000 జౌళ్లు. 1,200 వాట్ల డ్రయ్యర్ వేడి ఒక్క రవ్వ కూడా వృథా కాకుండా నీటికే తగిలితే 200 సెకన్లలో ఆరిపోవాలి. షోరూములో చూసిన 1,600 వాట్లదానికి 150 సెకన్లు. కాగితం మీద తేడా యాభై సెకన్లే. నిజానికి గాలిలో చాలా భాగం జుట్టుని తాకకుండానే పక్కలకి పోతుంది కాబట్టి రెండింటికీ దానికి కొన్ని రెట్లు పడుతుంది. బలమైన, ఒకే చోటికి దూసుకొచ్చే గాలి ఉన్న ఖరీదైన డ్రయ్యర్ ఇక్కడ నిజంగానే ముందుంటుంది. ఇప్పుడు తువ్వాలు లెక్క కూడా చూడండి. అది పీల్చిన ఆ మొదటి 160 గ్రాముల్ని ఆవిరి చెయ్యడానికి అదే 1,200 వాట్లకి, ఏ వృథా లేకుండానే, ఐదు నిమిషాల పైన పట్టేది. కరెంటు లేకుండా, వేడి లేకుండా ఆ పని అయిపోయింది.

అలమరలోంచి మా పాత డ్రయ్యర్ తీశాను. స్విచ్ వెయ్యగానే ముందు కాలిన దుమ్ము వాసన, తర్వాత హోరు. పిల్ల చెయ్యి మార్చుకుంటూ ఆరబెట్టుకుంది. కుదుళ్ల దాకా పొడి కావడానికి పావుగంట దాటింది. జడేసుకుని, ఇడ్లీ రెండు నోట్లో వేసుకుని, క్యాబ్ అందుకుంది. ఆ వారం తల బరువు లేకుండా ఆఫీసుకి పోయింది, అదీ పాత డబ్బా డ్రయ్యర్‌తోనే.

పావుగంట, ఆ హోరు, ఆ చెయ్యి నొప్పి తగ్గించుకోవడానికి ముప్పై వేలు ఇవ్వొచ్చా అన్నదే ఇంక మిగిలిన ప్రశ్న. అది అడగాల్సిన మనిషి మా సందు చివర ఉంది.

పార్లర్ లోపల రెండే కుర్చీలు. నెయిల్ పాలిష్ వాసన, గోడ మీద పాత క్యాలెండర్, మూలన కుప్పగా తువ్వాళ్లు. ఇక్కడ డ్రయ్యర్ పొద్దున మొదలైతే రాత్రి దాకా వేడి చల్లారదు. పార్లర్ నడిపే ఆవిడ మాట్లాడుతూనే ఒక పెళ్లికూతురి జుట్టు పాయలు తీసి క్లిప్పులు పెడుతోంది.

"రోజుకి ఏడెనిమిది తలలు అక్కా. సాయంత్రానికి ఈ మణికట్టు నాది కాదు" అని చెయ్యి చాపి చూపించింది. మామూలు డ్రయ్యర్ మోటారులో కార్బన్ బ్రష్షులుంటాయి, తిరిగేకొద్దీ అరుగుతాయి. ఇంత వాడకానికి అవి ఎక్కువ కాలం ఆగవు; నిప్పురవ్వలు కనిపిస్తే మెకానిక్ దగ్గరికి పంపుతానంది. కొత్త రకం మోటార్లలో బ్రష్షులుండవు కాబట్టి ఆ అరుగుదల లేదు. ఆమెకి ఖరీదైన డ్రయ్యర్ లాభమా అంటే లాభమేనని నాకు అక్కడే తేలిపోయింది. రోజుకి ఎనిమిది తలలు, ఏడాదికి మూడొందల రోజులు. రెండేళ్లలోనే 4,800 సార్లు వాడుతుంది. 33 వేలు పెట్టినా తలకి ఏడు రూపాయలు. మణికట్టు మిగులుతుంది.

పిల్ల అడిగింది: "ఆంటీ, డ్రయ్యర్ వాడితే జుట్టు పాడవుతుందా?"

"నువ్వెలా పడతావో చూపించు."

పిల్ల డ్రయ్యర్ పట్టుకుని మూతిని జుట్టుకి ఆనించినంత పని చేసింది. ఆవిడ పిల్ల మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. ముందు జానెడు దూరం. తర్వాత కొసల్ని వదిలేసి కుదుళ్ల నుంచి మొదలు. చెయ్యి ఎక్కడా ఆగకుండా కదులుతూనే ఉండాలి. చివర్లో చల్లగాలి బటన్. చూస్తున్నారుగా, డ్రయ్యర్ అదే, రెండు నిమిషాల్లో పాయ తీరు మారిపోయింది.

ఆవిడ అనుభవంతో చెప్పిన దూరానికి పరిశోధన సాక్ష్యం కూడా ఉంది. 2011లో కొరియా చర్మవైద్యుల సంఘం పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. జుట్టు పాయల్ని కడగడం, ఆరబెట్టడం ముప్పై సార్లు చేసి మైక్రోస్కోపు కింద చూశారు. డ్రయ్యర్‌ని 15 సెంటీమీటర్ల దూరంలో పెడితే వేడి 47 డిగ్రీలు, 10 దగ్గర 61, 5 దగ్గర ఏకంగా 95. దగ్గరయ్యేకొద్దీ వెంట్రుక పైపొర ఎక్కువ దెబ్బతింది. అసలు డ్రయ్యర్ పెట్టకుండా వదిలేసిన పాయల్లో పైపొర బాగానే ఉంది గానీ, లోపల కణాల్ని అతికి ఉంచే పొర దెబ్బతింది; అంతసేపు తడిగా ఉండిపోవడమే కారణం కావచ్చన్నారు. 15 సెంటీమీటర్ల దూరంలో పెట్టి కదుపుతూ ఆరబెట్టడం, దానంతట అది ఆరేలా వదిలేయడం కంటే మేలని తేల్చారు. సగం తడి ముడితో ఆఫీసుకి పోయే ఆడపిల్లలందరికీ ఈ సంగతి తెలియాలి. ఖరీదైన డ్రయ్యర్ తనంతట తాను వేడిని అదుపులో పెట్టుకుంటుంది, నిజమే. మామూలు డ్రయ్యర్‌తో ఆ అదుపు మన మోచేతిలో ఉండాలి. 5 నుంచి 15 సెంటీమీటర్లకి జరిగితే 95 కాస్తా 47 అవుతుంది, పైసా ఖర్చు లేకుండా.

ఇక కొనే పని మీద కోఠీ. ఆదివారం ట్రూప్ బజార్ వైపు నుంచి నడుచుకుంటూ వస్తే తోపుడుబండ్లు, బురద, గొడుగులు, ఆటో హారన్లు. దుకాణం ఇరుకు. అద్దాల అలమరలో వరసగా డ్రయ్యర్లు: వెయ్యి లోపు నుంచి మూడు వేల దాకా పేరున్న కంపెనీలవి, ఐదారు వేల నుంచి పది పన్నెండు వేల దాకా బ్రష్షులు లేని కొత్త రకాలు. ఒక మూల అచ్చం ఆ షోరూములో చూసిన డొల్ల ఆకారమే, పేరు మాత్రం ఎక్కడా విన్నది కాదు, ధర రెండు వేలు. పిల్ల చెయ్యి దాని మీదికే పోయింది. నేను ఆపాను. ఆకారాన్ని కాపీ కొట్టడం తేలిక. వేడిని కొలిచి ఆపే ఏర్పాటు లోపల ఉందో లేదో మనం విప్పి చూడలేం. తడి చేత్తో పట్టుకునే కరెంటు వస్తువు విషయంలో ఆ బేరం నాకు వద్దు.

దుకాణదారు పెద్దాయన. మమ్మల్ని చూసి ముందు అడిగిన మాట షోరూములో ఎవరూ అడగలేదు.

"ఇంట్ల పెద్ద సాకెట్ ఎక్కడుందమ్మా? గీజర్ కాడనా, అద్దం కాడనా?"

పిల్లా నేనూ మొహాలు చూసుకున్నాం. మన ఇళ్లల్లో మామూలు చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. 230 వోల్టుల మీద అది మోసేది 1,380 వాట్లే. 1,200 వాట్ల డ్రయ్యర్ 5.2 ఆంపియర్లు లాగుతుంది, సరిపోతుంది. 1,600 వాట్లదైతే 7 ఆంపియర్లు, దానికి 16 ఆంపియర్ల సాకెట్ ఉండాలి. అద్దె ఇళ్లల్లో ఆ పెద్ద సాకెట్ గీజర్ దగ్గరో, ఫ్రిజ్ వెనకో ఉంటుంది. ముప్పై వేలు పోసి కొన్నది ఫ్రిజ్ పక్కన నిలబడి వాడుకోవాల్సి రావచ్చు.

"గందుకే చెప్తున్న. అడాప్టర్ పెట్టి చిన్నదాంట్ల గుచ్చితే వైర్ కాల్తది. మీకు పన్నెండొందల వాట్లది చాలు" అని ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

వెనక జాలీ తిప్పి చూపించాడు, ఊడదీసి శుభ్రం చేసుకునే రకం. వేడి మూడు మెట్లు, చల్లగాలి బటన్, పొడవాటి వైరు, రెండేళ్ల వారంటీ. పెట్టె మీద అయాన్ల గురించి పెద్ద అక్షరాలు. దానికి అదనంగా డబ్బులు పెట్టనక్కర్లేదని నా ఉద్దేశం. చలికాలపు పొడి గాలిలో దువ్వెనకి వెంట్రుకలు అంటుకుని చిటపటలాడతాయే, ఆ స్థిర విద్యుత్తుకి విరుగుడుగా అయాన్లు పనికొస్తాయి. ముసురులో మన జుట్టు రేగడానికి కారణం వేరు, గాలిలోని తేమ తాగి వెంట్రుక వంకర తిరగడం. దానికి చివర్లో చల్లగాలి బటన్ నయం. వెచ్చగా ఉన్నప్పుడు వంగిన వెంట్రుక చల్లబడ్డాకే ఆ రూపంలో నిలుస్తుంది.

పిల్ల అక్కడే నిలబడి ఫోన్‌లో లెక్క వేసుకుంది. వారానికి రెండు తలంట్లు, ఏడాదికి వంద. ముప్పై మూడు వేలది ఐదేళ్లు వచ్చినా తలంటుకి 66 రూపాయలు. ఈ పదిహేను వందలది మూడేళ్లకే పోయినా ఐదు రూపాయలు. కరెంటు రెండింటికీ పావుగంటకి మహా అయితే మూడు నాలుగు రూపాయలు.

"ఇదే తీసుకుందాం పిన్నీ" అంది. ఎవరూ నచ్చజెప్పకుండా తనే అన్నందుకు నాకు సంతోషమేసింది.

నా తీర్పు చెబుతాను. దట్టమైన పొడవు జుట్టుతో రోజూ తలస్నానం చేసేవాళ్లు, భుజం నొప్పితో చెయ్యి ఎత్తలేనివాళ్లు, హోరు భరించలేని పిల్లలున్నవాళ్లు, దీని మీదే బతుకుతున్న పార్లర్ వాళ్లు: వీళ్లకి ఖరీదైన డ్రయ్యర్ ఇచ్చే సుఖం నిజమైనది. అందులోనూ ముందు ఐదు నుంచి పది వేల మధ్య దొరికే బ్రష్షులు లేని రకాన్ని చూడండి, మీ ఊళ్లో సర్వీస్ సెంటర్ ఉంటేనే కొనండి. వారానికి ఒకటి రెండు తలంట్లు పోసుకునేవాళ్లకి వెయ్యి, రెండు వేల మధ్య చల్లగాలి బటన్ ఉన్న పేరున్న కంపెనీ డ్రయ్యర్, ఒక మంచి నూలు తువ్వాలు చాలు. ఏది కొన్నా జానెడు దూరం పాటించండి. స్నానాల గదిలో వాడకండి. వెనక జాలీలో చేరిన నూగుని నెలకోసారి తీసెయ్యండి. గాలి లోపలికి అందకపోతే ఏ ధర డ్రయ్యరైనా వేడెక్కి పాడవుతుంది.